పాకం దిగేదాకా

పరదేశి వచ్చి చెరుకు మోపుల పక్కన నిలబడ్డాడు. నిలబడ్డాడు గాని నోరు విప్పలేదు. రెండో పెనం పొయ్యి మీద ఉంది, నురగ దిగి రసం ఎర్రబడుతోంది, పాకం రావాలంటే ఇంకా గంట పడుతుంది. తెడ్డు తిప్పుతూనే తలెత్తి చూశాను. వాడు నా చూపు తప్పించి గానుగ చుట్టూ తిరుగుతున్న ఎద్దుల వైపు చూశాడు, అవేవో కొత్త ఎద్దులైనట్టు. పరదేశి మా పక్కింటివాడు, మా ఇంటిది అప్పలనరసమ్మకి మేనల్లుడి వరస, నోరు మూసుకుని నిలబడగలిగిన మనిషి కాదు. చోడవరం సంతకి వెళ్ళొచ్చాడంటే ఆ సంతనంతా ఇంటింటికీ మోసుకొచ్చి దింపుతాడు. ఈ పాకకి ఎప్పుడొచ్చినా దూరం నుంచే కేకేసుకుంటూ వస్తాడు, వచ్చి పొయ్యి దగ్గర పిప్పి ఎగదోసే పైడితల్లిని ఒక మాట అంటాడు, ఆవిడ చేత రెండు అనిపించుకుంటాడు, ఓ చెరుకు గడ విరుచుకుని నములుతూ పోతాడు. ఇవాళ తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. కాళ్ళకి మోకాళ్ళ దాకా తడి బురద. మాఘమాసం, వాన చుక్క లేదు, మా ఇంటి నుంచి ఈ పాకకి వచ్చే దారిలో నీళ్ళే లేవు. మోకాళ్ళ దాకా బురద అంటుకోవాలంటే ఏటి రేవులో దిగాలి.

పైడితల్లి పొయ్యి గూటి దగ్గర నుంచి తల తిప్పింది. "ఏటిరా పరదేశీ, నోట్లో చుట్ట మింగేసేవేటి, మాట రాదు?" అంది. "ఏటీ నేదప్పా" అన్నాడు. "ఏటీ నేకపోతే ఎందుకొచ్చేవు మరి?" అంది. వాడు తలగుడ్డ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మావ పాకం దిగనీ" అన్నాడు. ఆ మాటకి ఆవిడ చేతిలో ఎండు పిప్పి చేతిలోనే ఉండిపోయింది. నా వైపు చూసింది, వాడి వైపు చూసింది, తరవాత ఏమీ విననట్టు పొయ్యిలోకి ఎగదోసింది. మంట లేచింది. పెనం కింద హోరు పెరిగింది.

పాకం పొయ్యి మీద ఉండగా చెడ్డ మాట చెప్పకూడదు. మా పాకల్లో ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇల్లు కాలినా సరే, మనిషి పోయినా సరే, వచ్చినవాడు మోపుల పక్కన నిలబడాలి, పెనం దిగి పాకం చల్లార్చే దోనెలో పడ్డాక చెప్పాలి. నాకు పని నేర్పిన మేనమామ మొదటి రోజే చెప్పాడు ఈ సంగతి. ఆయన చిన్నతనంలో దేవరాపల్లి వైపు ఒకాయన తెడ్డు మీద ఉండగా తమ్ముడు పోయాడని ఎవరో వచ్చి చెప్పేశారట, ఆయన తూలి మరుగుతున్న పాకంలో మోచేతి దాకా చెయ్యి పెట్టేశాడట. ఆ చెయ్యి నేను చూశాను, ఎండి ముడుచుకుపోయిన చెరుకు కణుపులా ఉండేది, దానితో ఆయన అన్నం కూడా తినలేకపోయేవాడు. అందుకని ఆ కట్టుబాటు. మంచిదే. దానికో కారణం ఉంది. ముప్ఫయ్యయిదేళ్ళు నేను దాన్ని పాటించాను, పెనం దిగేదాకా ఎవరి మొహమూ చదవలేదు, ఒక్క పెనం మాడలేదు, ఒక్క దిమ్మ నల్లబడలేదు, అనకాపల్లి బజార్లో బెల్లం గోకి చూసి ఇది దాసు చేతిదని చెప్పేవాళ్ళున్నారు. తెడ్డు అడుగు తగిలేలా తిప్పాలి, పెనం అంచు నుంచి మధ్యకి, మధ్య నుంచి అంచుకి, ఆపకూడదు. మనసులో ఏమీ పెట్టుకోకూడదు. పెట్టుకుంటే చెయ్యి బరువెక్కుతుంది.

చెయ్యి బరువెక్కుతోంది. రత్నం గురించే. ఇంకెవరి గురించి వస్తాడు వీడు. ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడవాళ్ళు, నరసమ్మకి ఏమైనా అయితే రత్నమే వచ్చేది, పరదేశి రాడు. రత్నం, నా కూతురు నూకరత్నం, రెండు నెలలయింది అత్తవారింటి నుంచి వచ్చి. పదకొండు నెలల బిడ్డ మంగ పోయాక తీసుకొచ్చి దింపారు. జొరం వచ్చి పోయిందన్నారు. ఎలాంటి జొరం, ఎన్నాళ్ళ జొరం, ఎవరికి చూపించారు, నేను అడగలేదు. నరసమ్మ అడగబోతే కళ్ళతోనే వద్దన్నాను. జరిగిపోయిన దాన్ని మళ్ళీ నోటితో పలికితే అది ఇంట్లోనే కూర్చుంటుందని నా నమ్మకం. బండి దిగుతుంటే చూశాను, చంకన బిడ్డ ఉన్నట్టే ఎడమ చెయ్యి వంచి పట్టుకుంది, ఆ చెయ్యి ఖాళీగా ఉంది. చూసి, "తిన్నావా" అన్నాను. అంతే అన్నాను. రెండు నెలల్లో నేను దానితో అన్న మాటలన్నీ పోగేస్తే ఒక గుప్పెడు ఉంటాయేమో, తిను, పడుకో, చలిగాలిలో తిరక్కు.

ఇవాళ కోడి కూసే వేళకి నేను లేచేసరికే అది లేచి ఉంది. వాకిలి ఊడ్చింది, ముగ్గు వేసింది, తలస్నానం చేసి తడి జుట్టు వీపున ఆరబోసుకుంది. రెండు నెలల నుంచి తల దువ్వడానికి కూడా నరసమ్మ బతిమాలాలి. నరసమ్మకి పట్టరాని సంతోషం. పొయ్యి దగ్గర నుంచి నా చెవిలో చెప్పినట్టు గట్టిగానే చెప్పింది, "సూసేవా, నేను సెప్పలేదా, బాగయిపోయింది నా గుంట. మంచే అనుకోవాల, మంచే అవుతాది." నాకూ సంతోషమే కలిగింది. అబద్ధం ఎందుకు, గుండెల మీంచి ఒక మోపు దించినట్టు అనిపించింది. గంజి తాగి తువ్వాలు భుజాన వేసుకుంటుంటే రత్నం గుమ్మం దగ్గరికి వచ్చింది. "ఇయాల ఎన్ని పెనాలు నాన్నా?" అంది. నాలుగన్నాను. "అయితే పొద్దోయీదాకా రావు" అంది. రానన్నాను. కాసేపు అక్కడే నిలబడింది. "ఇయాల ఎల్లకపోతే ఏటి?" అంది, నవ్వుతూనే అంది, చిన్నప్పుడు అడిగినట్టు. గణపతిరావుగారి చెరుకు కొట్టి రెండు రోజులయింది, పులిసిపోతుందన్నాను. "ఊఁ, పులిసిపోతాది" అంది. పక్కకి తప్పుకుని దారిచ్చింది.

రసం చిక్కబడుతోంది. మడ్డి ఇంకా కొంచెం అంచుకి తేలితే చిల్లుల గరిటెతో తీసి పక్కన పోశాను. పిప్పి కుప్ప నీడన కుక్క పడుకుని ఉంది, మా ఇంటి కుక్కే, తెల్లది, ఇంటి దగ్గర ఉండవలసింది ఇక్కడికెందుకు వచ్చిందో, పరదేశి వెంట వచ్చి ఉంటుంది. వాడు కూర్చోలేదు. చెరుకు గడ విరవలేదు. "కూకోరా, కాళ్ళు నొప్పెడతాయి" అంది పైడితల్లి, ఈసారి వేళాకోళం లేకుండా. "పర్లేదప్పా" అన్నాడు. ఆవిడ గొంతు మారిందంటే ఆవిడకి తెలిసిపోయినట్టేనా, వాడు ఆవిడకి కళ్ళతో ఏమైనా చెప్పాడా, అందరికీ తెలిసి నాకొక్కడికే తెలియనట్టు ఎద్దులు కూడా నెమ్మదిగా నడుస్తున్నట్టు అనిపించింది.

గోడ గూడు. గోడ గూడు ఖాళీగా ఉంది పొద్దున్న. అది ఇప్పుడు గుర్తుకొచ్చింది, చూసినప్పుడు చూశాను గాని లెక్క చెయ్యలేదు. రత్నం పుట్టినప్పటి నుంచీ నాకో అలవాటుంది, పని రోజుల్లో ఆఖరి పెనం దిగాక జానెడు చెరుకు ముక్కకి వేడి పాకం చుట్టి ఇంటికి పట్టుకెళ్ళేవాణ్ణి. చిన్నపిల్లగా ఆ గుంట వీధి చివర కాపు కాసేది. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు, దవడ నొప్పి పుట్టేదాకా చీకేది. తిరిగి వచ్చాక ఈ రెండు నెలలూ కూడా తీసుకెళ్ళాను. చెప్పడానికి మాటల్లేని మనిషిని, అదొక్కటే నాకు చేతనయింది. అది తీసుకుంటుంది, "బాగుంది నాన్నా" అంటుంది, నేను కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళగానే గోడ గూట్లో పెట్టేస్తుంది. ఒక్కటి కూడా నోట పెట్టలేదు. ఒకదాని పక్కన ఒకటి, గూడు నిండి, చీమలు బారులు కట్టి గోడ దిగి వచ్చేవి. నేను చూశాను. రోజూ చూశాను. చూసి మర్నాడు ఇంకొకటి తెచ్చాను. ఇవాళ గూడు ఊడ్చేసి ఉంది, పేడతో అలికి ఉంది, ఒక్క చీమ లేదు. తిన్నదేమో అనుకున్నాను, సంతోషంలో. యాభై ముక్కలు ఒక రాత్రిలో ఎవరు తింటారు. ఊళ్ళోంచి మకాం ఎత్తేసేవాళ్ళు ఇల్లు అలికి పెట్టిపోతారు, వెనక వచ్చేవాళ్ళు మాట అనకుండా. అలా అలికి ఉంది అది.

తెడ్డు పెనం అంచుకి తగిలి మోగింది. నా చేతిలో తెడ్డు మోగడం పైడితల్లి ఎప్పుడూ విని ఉండదు. "మావా" అంది. ఏమీ లేదన్నట్టు తల ఊపాను. తల ఊపడం ఒకటి బాగా వచ్చు నాకు. మా ఇంట్లో చెడ్డ మాట వినపడదు అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పాకలో కట్టుబాటు పాకలోనే ఉంచితే సరిపోయేది, నేను దాన్ని ఇంటికి కూడా పట్టుకెళ్ళాను. ఒంట్లో బాగోలేదని భోజనం దగ్గర అనకూడదు. పోయినవాళ్ళ పేరు పొద్దుపోయాక తలవకూడదు. ఏడుపొస్తే పెరట్లోకి పోయి ఏడ్చి మొహం కడుక్కుని రావాలి. ఇల్లు చల్లగా ఉండాలంటే అలాగే ఉండాలనుకున్నాను, చల్లగానే ఉందనుకున్నాను. నరసమ్మ నవ్వు నేర్చుకుంది. ఆవిడకి కొత్తలో నవ్వు అంతగా వచ్చేది కాదు, నేర్చుకుంది. ఈ రెండు నెలలూ కూతురి జడ వేస్తూ ఊళ్ళో వాళ్ళ నడకలు, మాటలు అనుకరించి చూపించేది, పరదేశి తాగొచ్చి గుమ్మం అనుకుని దడిలోంచి దూరడం చూపించేది, అది నవ్వకపోతే రెండోసారి చూపించేది. ఒకరోజు మాత్రం రత్నం అంది, "అమ్మా, ఎంతసేపు నవ్వమంటావు?" అని. కోపంగా కాదు. కూలికి వెళ్ళినవాళ్ళు పని ఎంతసేపని అడిగినట్టు అడిగింది. నరసమ్మ దువ్వెన పట్టుకుని నా వైపు చూసింది. నేను కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయాను.

బుడగలు మారాయి. చిన్నవి పోయి పెద్దవి లేస్తున్నాయి, బరువుగా, ఒక్కొక్కటీ లేచి నిలబడి పగులుతున్నాయి. ఇక్కడి నుంచి కళ్ళు పెనం మీదే ఉండాలి. ఇక్కడి నుంచి కాసేపు ఏమరితే మాడుతుంది. అల్లుడికి ఇదే చెప్పేవాణ్ణి. అల్లుడిది చీడికాడ, ఈ పాకలోనే నా దగ్గర మూడేళ్ళు తెడ్డు పట్టాడు, నెమ్మదైనవాడు, పాకం మీద ఉండగా పక్కన పాము పోయినా తల తిప్పడు. ఆ గుణం చూసే పిల్లనిచ్చాను. ఇప్పుడు చీడికాడలో వాడిదే పెద్ద చెయ్యి. బిడ్డ పోయిన పన్నెండో రోజున వెళ్ళినప్పుడు వాడు నా మొహం చూడలేదు. రత్నమూ వాడి మొహం చూడలేదు. దుఃఖం అనుకున్నాను. ఇద్దరూ ఒక గోడకి ఆ చివరా ఈ చివరా కూర్చున్నారు, మధ్యలో ఉయ్యాల తాళ్ళు వేలాడుతున్నాయి, ఉయ్యాల విప్పేశారు గాని తాళ్ళు ఎవరూ విప్పలేదు. ఏదో ఉంది వాళ్ళిద్దరి మధ్య, బిడ్డ పోవడం కాక ఇంకొకటి. అడగలేదు. మార్గశిరం, పని దినాలు, మళ్ళీ వెళ్ళలేదు.

పరదేశి కాలు మార్చి నిలబడ్డాడు. ఆ చోటు నాకు తెలుసు. మోపులకీ గానుగకీ మధ్య, ఎద్దుల తోవకి రెండడుగుల ఇవతల, సరిగ్గా ఆ చోటే. పదహారేళ్ళయింది. అక్కడ రత్నం నిలబడింది. ఆరేళ్ళది. నాకు పిల్లలు ఆలస్యంగా పుట్టారు, ముందు రత్నం, తరవాత కొడుకు, కొడుక్కి పెదబాబు అని పేరు పెట్టాం, వెనక చినబాబు కూడా వస్తాడనుకుని. ఆ చినబాబు రాలేదు. పెదబాబుకి అప్పుడు మూడేళ్ళు. ఆ రోజు ఎండ ఎక్కాక ఈ గుంట పరిగెత్తుకుంటూ వచ్చింది, వగరుస్తూ వచ్చింది, పెనం మీద నన్ను చూసి ఆగిపోయింది. అక్కడే నిలబడింది. నేను చూశాను. పాకం కోసం వచ్చిందనుకున్నాను. నవ్వాను కూడా. ఒక ముక్కకి అంచు పాకం చుట్టి ఇచ్చాను, తీసుకుంది, చేతిలో పట్టుకుని నిలబడింది. అటూ ఇటూ కదల్లేదు, ఏడవలేదు, కాసేపటికి చీకింది కూడా, ఆరేళ్ళది మరి. గంటో గంటన్నరో. పెనం దించాం, పాకం దోనెలో పోశాం, నేను చెమట తుడుచుకుంటుంటే దగ్గరికి వచ్చి నా పంచె పట్టుకుంది. "అమ్మ రమ్మంది నాన్నా. తమ్ముడు కళ్ళు తేలేస్తన్నాడు" అంది. మూతికి పాకం అంటుకుని ఉంది.

వెళ్ళేసరికి అయిపోయింది. ముందే వెళ్ళి ఉంటే బండి కట్టి అనకాపల్లి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉండేవాణ్ణి, అక్కడికి చేరేదాకా ఉండేవాడో లేదో ఎవరికీ తెలియదు. నరసమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తలెత్తి నన్ను చూసి, "పాకం బాగా వచ్చిందా?" అంది. పదహారేళ్ళుగా ఆ మాటని నేను ఓర్పు అనుకున్నాను, నన్ను క్షమించడం అనుకున్నాను. ఆ మాట ఏమిటో నిజంగా ఎప్పుడూ వినలేదు. ఇంకొకటి కూడా చేశాను. పది మందిలో, దినాల రోజున, రత్నం తల మీద చెయ్యి వేసి చెప్పాను, "మంచి గుంట. పాకం దిగీదాకా నోరిప్పనేదు." అందరూ మెచ్చుకున్నారు దాన్ని. అందరూ దాని తల నిమిరారు. పని తెలిసినవాడి కడుపున పుట్టిందన్నారు. అది నా మొహంలోకి చూస్తూ నిలబడింది, మెచ్చుకోలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

ఇవాళ మళ్ళీ అదే చోట ఒకడు నిలబడ్డాడు. నేను మళ్ళీ తెడ్డు తిప్పుతున్నాను. గంట దాటి ఉంటుంది, ఈ గంటలో వాడు చెప్పవలసిన మాట నాకు తెలిసిపోయింది, తెలిసీ తిప్పుతున్నాను, చేతులు వాటంతటవే తిరుగుతున్నాయి, అంచు నుంచి మధ్యకి, మధ్య నుంచి అంచుకి. పైడితల్లి చన్నీళ్ళ ముంత ఇటు జరిపింది, చుక్క వేసి చూసే వేళయింది. గరిటెతో తీసి వేశాను. నీళ్ళలో సాగింది, ఇంకా ఉండ కట్టలేదు. ఇంకొక్క పొంగు. ఇంకొక్క పొంగు వస్తే దించెయ్యొచ్చు. దించేస్తే గణపతిరావుగారి బెల్లం బంగారం రంగులో ఉంటుంది, ముప్ఫయ్యయిదేళ్ళ మాట నిలబడుతుంది, తరవాత పరదేశి తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని చెబుతాడు.

తెడ్డు వదిలేశాను. పెనం అంచుకి ఆనించలేదు, పాకంలోనే వదిలేశాను, అది నెమ్మదిగా ఒరిగి పడుకుంది. పైడితల్లి లేచి నిలబడింది. "మావా, పాకం" అంది. నేను పొయ్యి గట్టు దిగి పరదేశి దగ్గరికి నడిచాను. వాడు వెనక్కి ఒక అడుగు వేశాడు, నేనేదో కొట్టడానికి వచ్చినట్టు.

"సెప్పు" అన్నాను.

"పాకం దిగనీ మావా."

"దిగదు. సెప్పు."

వాడు పైడితల్లి వైపు చూశాడు, ఎద్దుల వైపు చూశాడు. ఎక్కడా దిక్కు దొరకలేదు. "రత్నం అగుపడ్డం నేదు మావా" అన్నాడు. "నువ్వటు ఎల్లినాక ఇటు ఎల్లిపోయిందంట. నీళ్ళకి ఎల్లిందనుకుంది అత్త. బిందె ఇంట్లోనే ఉంది. బావుల్లో సూసేం. రేవులో దిగి సూసేం, కింద దాకా మనుసులు ఎల్లేరు. చీడికాడ దోవనీ పంపేం. నీకు సెప్పొద్దంది అత్త, పాకం దిగినాకే సెప్పమంది."

రేవు నుంచి ఎవరూ కేక వెయ్యడం లేదు. ఆ వైపు చెవి పెట్టి నిలబడ్డాను, ఎద్దుల గిట్టలు తప్ప ఏమీ వినపడలేదు. ఎటు పరిగెత్తాలో తెలియలేదు. కూతురు బాధ పుడితే ఎక్కడికి పోతుందో తెలియని తండ్రిని, అది ఎక్కడ కూర్చుని ఏడుస్తుందో ఈ రెండు నెలల్లో ఒక్కసారి వెనక వెళ్ళి చూడలేదు. వెనక పాకం మాడడం మొదలయింది. ముందు ఒక తీపి వాసన వస్తుంది, అది నెత్తికెక్కేంత తీపి, ఆ తరవాత చేదు. పైడితల్లి తెడ్డు అందుకోబోయి ఆవిరికి చెయ్యి వెనక్కి లాక్కుంది. "మావా, అంటుకుంటంది, పెనం పోతాది" అంది. "పోనీ" అన్నాను. నల్లటి పొగ లేచి పాక చూరు కింద నుంచి బయటికి వచ్చి, పిప్పి కుప్ప మీదుగా పోయింది.

కుక్క లేచింది. తోక ఊపుతూ కుప్ప వెనక్కి వెళ్ళింది. అది పరదేశి వెంట రాలేదు. కుప్ప వెనక నుంచి, నిలువెత్తు పిప్పి పక్క నుంచి, రత్నం వచ్చింది. తడి జుట్టు ఆరిపోయి పిప్పి పొట్టు అంటుకుని ఉంది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఆరి మట్టి కట్టాయి, రేవు దాకా వెళ్ళి వచ్చిందో, వెళ్ళబోయి ఆగిందో, ఎంత దూరం దిగిందో. పరదేశి నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు. అది వాణ్ణి చూడలేదు. పెనం వైపు చూసింది, పాకాల మధ్య పుట్టి పెరిగిన పిల్ల, వాసనకి కూర్చోలేకపోయింది.

"నాన్నా, మాడిపోతంది" అంది.

"ఎప్పుడొచ్చేవు?"

"మొదటి పెనం మీదుండగా." మళ్ళీ పెనం వైపే చూస్తూ అంది, "దిగినాక సెబుదామని కూకున్నాను. దిగింది. లెగుద్దామంటే కాళ్ళు రానేదు. ఈలోగా రెండోది ఎక్కించేసేవు."

నాలుగు పెనాలు. నాలుగింటికీ అలాగే కూర్చునేది. నాలుగోది దిగేసరికి చెప్పే ఓపిక దానికి ఉండేదా, లేక లేచి మళ్ళీ రేవు తోవ పట్టేదా. పరదేశిని చూశాను. "మీ అత్తకి సెప్పురా, ఎగిరి ఎల్లు" అన్నాను. వాడు తలగుడ్డ అక్కడే పడేసి పరిగెత్తాడు. పైడితల్లి పొయ్యి గూటికి అడ్డంగా పచ్చి చెరుకు ఆకు కుక్కి మంట చంపేసి, ఎద్దుల్ని ఆపడానికి అటు వెళ్ళిపోయింది.

"కూకో" అన్నాను. మోపు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"సెడ్డ మాట నాన్నా" అంది.

"సెప్పు."

"మంగకి జొరం గాదు. ఉన్నపళాన ఒళ్ళు కొయ్యైపోయింది, కొట్టుకుంది. ఎత్తుకుని పాక కాడికి పరిగెట్టేను. ఆయన పెనం మీదున్నాడు." ఎడమ చెయ్యి వంచి ఒళ్ళో పెట్టుకుంది. "మోపుల కాడ నిలబడ్డాను. ఆయన సూసేడు. బిడ్డని సూపించడానికి తెచ్చేననుకున్నాడు. నవ్వేడు."

నా అరచేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి, అవి ఎవరివో అన్నట్టు చూశాను. లోపల ఒకడు అప్పుడే లేచాడు, పాత అలవాటు, తిన్నావా అని అడుగు, ఊరుకో అను, జరిగిపోయింది అను, ఇంటికి పద అను. వాణ్ణి అక్కడే కూర్చోబెట్టాను.

"దిగీదాకా నిలబడ్డాను నాన్నా" అంది. "భుజం మీద బరువెక్కిపోతంది, నాకు తెలుస్తంది. తెలిసీ నిలబడ్డాను."

"నిలబడమన్నది నేను" అన్నాను. "ఆ రోజు పది మందిలో నీ నెత్తి మీద సెయ్యి ఎట్టి మెచ్చుకున్నది నేను."

అది నా వైపు తిరిగింది. రెండు నెలల తరవాత నా మొహంలోకి చూసింది. ఏడుపు రాలేదు దానికి, కోపం వచ్చింది, కళ్ళు ఎర్రబడి పళ్ళు కరుచుకుపోయాయి, ఇప్పుడే చెయ్యెత్తి నన్ను కొడుతుందేమో అనుకున్నాను, కొట్టనీ అనుకున్నాను. ఇంటి వైపు నుంచి నరసమ్మ గొంతు వినిపిస్తోంది, పేరు పెట్టి పిలుస్తూ వస్తోంది, ఆ గొంతులో నవ్వు లేదు. పెనం పొగ ఇంకా ఆరలేదు. బానలో మూడో పెనం రసం ఉంది, ఎండలో అప్పుడే పులుపు వాసన ఎక్కుతోంది. సాయంత్రం దాకా ఉంది ఇంకా పగలు, ఆ తరవాత రాత్రి ఉంది, రేపు ఉంది. రేవు ఎక్కడికీ పోదు.

"నీ దగ్గిర మాడు వాసనొస్తంది" అంది రత్నం.

"రానీ" అన్నాను. "దిగినాక? దిగినాక ఏటయ్యింది, సెప్పు."